పీపా మీద పేరు

పోయిన వారం మనం వదిలేసేసరికి పీపాల మేస్త్రీ బాల్దొమేరో టోపీ నెత్తిన పెట్టుకుని గేటు దాటాడు. చిన్న యజమాని ఫెర్మిన్ నానా మాటలూ అంటున్నా "నేను చెయ్యలేదు బాబూ" అనే ఒక్క ముక్క అతని నోట రాలేదు. అనకపోవడమంటే ఒప్పుకోవడమే అన్నాడు ఫెర్మిన్. ఊరు కూడా అవునంది. హెరెజ్ ఊళ్ళో మనిషి పరువు పోవడానికి రెండు గ్లాసుల వైన్ ఖాళీ అయ్యేంత సేపు చాలు. ఆ వైన్ పక్కవాడు పోయిస్తుంటే ఇంకా తొందరగా పోతుంది.

దోన్ లెయాంద్రో కిందటి చలికాలంలో కన్నుమూశాడు. ఆయన వైన్ శాల, ఇక్కడివాళ్ళ మాటలో బొదేగా, పిల్లలిద్దరికీ ఉమ్మడిగా మిగిలింది. దాన్ని పడగొట్టించి కార్ల గ్యారేజీ కట్టాలని కొడుకు ఫెర్మిన్ కోరిక. కూతురు కసిల్డాకి అందులోనే బతికి అందులోనే చావాలని. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకల్లా పీపాలు చూపించి, ఓ గ్లాసు పోసి, మర్యాదగా పంపేసిన మనిషి ఆమె. చివరికి తమ్ముడు ఒక మాటకి దిగాడు. రేవు ఊరి పెద్ద కంపెనీ శాలలోని 'కాన్సుయెలో' వైన్‌ని అదే పేరుతో సీసాల్లో అమ్మడానికి కొంటే బొదేగా నిలుస్తుంది, కొనకపోతే కూలుతుంది. కంపెనీ తరఫున రుచి చూసే పెద్దమనిషి దోన్ ఎవరిస్తో ఈ మధ్యాహ్నమే వస్తున్నాడు. సరిగ్గా ఆ కాన్సుయెలో పీపాల్లోనే ఎవరో వెనిగర్ పోశారు.

ఆ పొద్దున లెవాంతే లేచింది. తూర్పు నుంచి వచ్చే ఆ వేడిగాలికి మనుషులకి చిర్రెత్తుతుంది, పాలు విరుగుతాయి, పీపాలు చెమటోడుస్తాయి. వెనిగర్ వాసన బయటపడ్డ రోజునుంచీ ఫెర్మిన్ శాలకి తాళం వేసి చెవి జేబులో వేసుకు తిరుగుతున్నాడు.

"నేల తడపకపోతే మిగిలిన పీపాలూ పోతాయిరా. తాళంచెవి ఇటివ్వు" అంది కసిల్డా.

"తడుపు, తడుపు. మధ్యాహ్నం దాటాక తడపాల్సిన పనే ఉండదు" అంటూ ఇచ్చాడు ఫెర్మిన్.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. పైన కిటికీలకి వేలాడే గడ్డి తెరలు గాలికి కొట్టుకుంటున్నాయి. కసిల్డా బకెట్టుతో నేల మీది పసుపు మట్టిని తడుపుతూ వరస చివరికి వచ్చింది. వచ్చేముందే ముక్కుకి వెనిగర్ తెలిసింది. కన్నబిడ్డ ఒంటి మీద పరాయి వాసన తగిలినట్టు ఆమె చటుక్కున బకెట్టు దించేసింది.

ఇక్కడి పద్ధతి తెలిస్తేనే ఆమె బాధ తెలుస్తుంది. కొత్త వైన్‌లో కాస్త సారా కలిపి పీపాకి పోస్తారు. ఇంగ్లండు ఓడలో చెడిపోకుండా ఉండాలని పూర్వం మొదలుపెట్టారు, తర్వాత తాగేవాళ్ళు ఆ రుచికే మరిగారు. పీపాని అంచుదాకా నింపరు. ఖాళీ వదిలిన చోట వైన్ మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని పువ్వు అంటారు. పువ్వు బతికున్నంత కాలం వైన్ లేతగా, చురుగ్గా, ఉప్పుగాలి వాసనతో ఉంటుంది. పువ్వు ముసలిదై చచ్చిపోతే గాలి తగిలి బాదం తొక్క రంగుకి తిరుగుతుంది. అసలు పువ్వే కట్టకుండా సారా ఎక్కువ పోస్తే ముదురుగా, బరువుగా తయారవుతుంది. ఏది ఎటు వెళ్తోందో మేస్త్రీ వాసన చూసి, నల్లటి పీపా మొహం మీద సుద్దతో గుర్తు పెడతాడు. పువ్వు నిలిచేదానికి ఒక ఏటవాలు గీత. అలా గీత పడ్డాక కూడా, ఏ పురుగు తొలిచిందో ఎవరికీ అంతుబట్టకుండా, దారి మార్చుకునే వైన్ ఒకటుంది. అప్పుడు మేస్త్రీ తను గీసిన గీతని తనే అడ్డంగా కొట్టేస్తాడు. దాన్ని గీత తెగిన వైన్ అంటారు. ముక్కుకి ఒక మనిషి, నాలుకకి ఇంకో మనిషి. కాన్సుయెలో ఆ జాతిది.

పీపాలు వరస మీద వరసగా ఉంటాయి. అమ్మకానికి నేల వరసలోంచే తీస్తారు. తీసినంత మేరా పై వరసనుంచి నింపుతారు, దాన్ని ఆపై వరసనుంచి. నేల వరసని ఎప్పుడూ ఖాళీ చెయ్యరు. అంతర్యుద్ధానికి ముందు దోన్ లెయాంద్రో పోసిన తొలి వైన్ తడి ఇంకా ఆ పీపాల అడుగున ఉంది. అందులో ఒకసారి పడ్డది ఇక పోదు. మంచైనా అంతే, చెడైనా అంతే.

ప్రతి పీపా మీదా గీత తెగిన గుర్తు పక్కన పేరు రాసి ఉంది. కాన్సుయెలో అంటే ఓదార్పు. చర్చిలోని ఓదార్పు మాత పేరు పెట్టుకున్నానని దోన్ లెయాంద్రో చెప్పేవాడు. ఏటా మాత పండగ మర్నాడు బాల్దొమేరో పాత సుద్ద తుడిచి, ఆ పేరు కొత్తగా రాసేవాడు. చదువు అంతంతమాత్రమే అయినా ఆ ఒక్క పేరు ముత్యాల్లా రాసేవాడు. "అయ్యగారి దయ అమ్మాయిగారూ. మాతదీ, చచ్చి స్వర్గానున్న మా ఆడదానిదీ ఒకటే పేరు. రాస్తుంటే ఓసారి పలకరించినట్టుంటుంది" అనేవాడు.

కసిల్డా లాంతరు దగ్గరగా పెట్టింది. పేరు మొదటి అక్షరం మీదుగా, గట్టిగా నొక్కి, ఎవరో 'వే' అని రాశారు. పక్క పీపా మీదా అంతే. ఆ పక్కదాని మీదా అంతే.

ఆమె లాంతరు నేలమీద పెట్టేసింది. వైన్ వెనిగర్‌గా మారితే పీపా మీద ఆ సంగతి రాయాలి, లేకపోతే తెలియక ఎవరో దాంట్లో ముంచిన గిన్నె మంచిదాంట్లో ముంచుతారు. హెరెజ్ మేస్త్రీలు అందుకు జల్లెడలా గళ్ళు గీస్తారు. బాల్దొమేరో కూడా గళ్ళే గీస్తాడు. వెనిగర్ మొదటి అక్షరమని 'వే' రాసేది సముద్రం ఒడ్డున సాన్‌లూకార్ వైపువాళ్ళు. ఈ ఇంట్లో అలాంటి రాత ఒకే ఒక్క చోట ఉంది. వంటింట్లో, వెనిగర్ కూజా మెడకి కట్టిన చెక్కముక్క మీద.

అయినా ఇదేం చోద్యం! చెడగొట్టడానికి వచ్చినవాడు, చెడగొట్టానని రాసిపెట్టి పోతాడా? పీపాల మధ్య పుట్టి పెరిగి, పాడు చెయ్యడానికి చెయ్యి వచ్చినా పీపా మీద అబద్ధం ఉంచడానికి చెయ్యి రాని మనిషి తప్ప ఇంకెవరూ ఆ పని చెయ్యరు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ సంతకం చేసి మరీ పోయింది. కసిల్డా తాళం వెయ్యడం కూడా మర్చిపోయి వంటింటి వైపు నడిచింది.

తల్లి దొన్యా యులాలియా చెక్క రోట్లో వెల్లుల్లి దంచుతోంది. మొగుడు పోయిననాటినుంచీ కట్టిన నల్లబట్టల మీద తెల్లటి ఏప్రన్. పక్కన నానబెట్టిన రొట్టె, టమాటాలు, ఆ కూజా. సాన్‌లూకార్‌లో పేరుమోసిన మేస్త్రీ కూతురామె. పెళ్ళయి వచ్చిననాటినుంచీ చప్పగా ఉందని ఒక్క వంటనీ వంక పెట్టనివ్వలేదు.

"బాల్దొమేరోని పనిలోంచి తీసేశామమ్మా" అంది కసిల్డా గుమ్మంలోంచే.

"తెలుసు. నేనూ ఈ ఇంట్లోనే ఉంటున్నాగా."

"పీపాల మీద 'వే' అని రాసుంది."

రోకలి ఆగలేదు. "మరేం రాయమంటావు? వెనిగర్ పోసి పైకి వైన్ అని ఉంచడానికి నేనేం మీ నాన్ననా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటుందేమో చూద్దామని వచ్చింది కసిల్డా. ఈవిడ గుమ్మడికాయ తెచ్చి బల్లమీదే పెట్టింది. దారి పొడుగునా కూర్చుకున్న ప్రశ్నలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి.

"ఎందుకమ్మా?"

"ఆ ఉప్పు ఇలా అందుకో."

"అమ్మా! ఆ వైన్ పోతే నా బతుకు పోతుందని నీకు తెలీదూ? వాడు గోడలు కూల్చడానికి మనుషుల్ని కూడా మాట్లాడేశాడు. నాకింకేం ఉందని?"

దొన్యా యులాలియా తనే లేచి ఉప్పు తీసుకుంది. "ఎండాకాలంలో నువ్వొక కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టావు, గుర్తుందా? సీసాకి అంటించేది. బంగారు అక్షరాలతో."

"లేబుల్. ఎలా ఉందని అడిగితే బావుందన్నావు."

"బావుందనే అన్నా. నోట్లో ముద్ద ఉంది, ఇంకో మాట రాలేదు." రోట్లోది వేలితో నాకి చూసి, మళ్ళీ ఉప్పేసింది. "ఇన్నేళ్ళుగా మన వైన్ మన పేరుతో ఏనాడైనా గేటు దాటిందా? పెద్ద కంపెనీల వాళ్ళు కొనుక్కుపోయి వాళ్ళ వైన్‌లో కలుపుకునేవాళ్ళు. వీధిలోకి వెళ్ళగానే పేరు పోయేది. అందుకే ఊరుకున్నా. చీకట్లో నాలుగు చెక్కల మీద ఎవరి పేరుంటే నాకేం? సుద్దేగా, తుడిస్తే పోతుంది. నువ్వు వచ్చి దాన్ని బంగారంతో రాయించావు. మన ఇంటి ముద్ర కింద! కాదిస్ నుంచి లండన్ దాకా ప్రతి కొట్లోనూ పెట్టిస్తానన్నావు. పెట్టించు. నా శవం మీద కూడా ఒకటి అంటించు."

"అది మాత పేరమ్మా!"

తల్లి నవ్వింది. ఆ నవ్వు వింటే రోట్లోని వెల్లుల్లి నయం.

"మాత అట, మాత! మీ నాన్న పోయేముందు నువ్వు ఫాదర్‌ని పిలుచుకురావడానికి పరిగెత్తావు. ఆయన 'కాన్సుయెలో' అన్నాడు. దాహమేమో అనుకున్నా. ఈ మోకాళ్ళేసుకుని శాలలోకి వెళ్ళి, గ్లాసు నింపుకుని వచ్చా. చేత్తో నెట్టేశాడు. దుప్పటంతా పాడైంది. మళ్ళీ అన్నాడు, 'కాన్సుయెలో.' గుమ్మంకేసి చూస్తూ అన్నాడు." ఆమె చెయ్యి అప్పుడు ఆగింది. "వైన్ కోసం ఎవరూ గుమ్మంకేసి చూడరే."

గాలికి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది.

"ఎవరు?" అంది కసిల్డా. అడుగుతుండగానే తెలిసిపోయింది. తెలియకూడదని మొండిగా అడిగింది.

"శాలకి గడ్డి తెరలు అల్లడానికి వచ్చేదెవరు? ఆ అల్లికకి మధ్యలో నిన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని జడలు వేసేదెవరు?"

కసిల్డాకి ఆ వేళ్ళు గుర్తొచ్చాయి. గడ్డి తడితో చల్లగా ఉండేవి. మొహం సరిగ్గా గుర్తు లేదు. యుద్ధం అయ్యాక వచ్చిన కరువులో, జ్వరంతో పోయింది బాల్దొమేరో పెళ్ళాం. శవపేటిక వెంట నాన్న టోపీ లేకుండా నడవడం మాత్రం గుర్తుంది. ఎంత మంచి యజమానో అని ఊరంతా చెప్పుకుంది.

"పోయేముందు ఆయన ఆ పేరు అనేదాకా నాకు అనుమానమే ఉండేది. అనుమానంతో కాపరం చెయ్యొచ్చు, అందరూ చేసేదే. అది బతికున్నంతకాలం ఆ పేరు ఏటా మీ నాన్నే రాసేవాడు. సుద్దముక్క ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. అది చచ్చాక ఏం చేశాడో తెలుసా? సుద్ద తీసుకెళ్ళి దాని మొగుడి చేతికిచ్చాడు. ఇకనించి నువ్వు రాయి అన్నాడు. వాడు ఈయన చేతులు కళ్ళకద్దుకుని బావురుమన్నాడు. ఇదిగో, ఈ కిటికీలోంచే చూశా."

కసిల్డా బల్ల అంచు పట్టుకుంది. "బాల్దొమేరో బాబాయ్‌కి..."

"తెలిస్తే రాస్తాడా?"

"నీ కోపం నాన్న మీద. ఆయన పోయాడు. ఆవిడా పోయింది. మిగిలినవాళ్ళం నేనూ, ఆ ముసలాయనా. మా ఇద్దరి నోళ్ళల్లో మట్టి కొట్టి కూర్చున్నావు. ఆయన్ని ఫెర్మిన్ దొంగ అన్నాడు, కుక్క అన్నాడు, నేను పక్కనే నించుని విన్నాను. నువ్వు మేడమీద జపమాల తిప్పుకుంటున్నావు!"

"నేనేం దాచలేదు. పీపాకొకటి చొప్పున రాసి పెట్టా. మీకు చదవడం రాకపోతే నన్నేం చెయ్యమంటావు?" తల్లి గొంతు మొదటిసారి కాస్త తగ్గింది. "బాల్దొమేరో చదివాడు. మా నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు, నా రాత వాడికి తెలీదూ? చదివి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నామీద జాలి. మొగుడు పోయిన దుఃఖంలో అమ్మగారికి మతి పోయింది అనుకునుంటాడు. నామీద వాడు జాలిపడుతున్నాడే, కసిల్డా! వాడు!"

ఆ చివరి మాట దగ్గర ఆమె కళ్ళు తడయ్యాయి. కోపంతోనో సిగ్గుతోనో ఆమెకే తెలిసుండదు. ఏప్రన్‌తో గట్టిగా తుడుచుకుని, కూజా వంచి రోట్లో వెనిగర్ పోసింది.

"ఫెర్మిన్‌కి నిజం చెప్తాను" అంది కసిల్డా.

"చెప్పు. అమ్మే చేసిందని చెప్పు. ఎందుకు చేసిందంటాడు. అదీ చెప్పు. వాడి నోట్లో ఏదీ నానదు. సాయంత్రానికల్లా బాల్దొమేరో దొంగ కాదని ఊరంతా అనుకుంటుంది. ఇంకేమనుకుంటుందో, వాణ్ణి చూసి సారాకొట్లో ఎవడు ఏం సైగ చేస్తాడో, అది నీ ఇష్టం. దొంగ అనిపించుకోవడమే వాడికి సుఖమేమో ఆలోచించుకుని చెప్పు."

కసిల్డా కూజా మెడకున్న చెక్కముక్క వంక చూసింది. ఆమెకి తల్లి మీద అసహ్యం వేసింది. ఆ అసహ్యంలోనే, గ్లాసు పట్టుకుని మోకాళ్ళు ఈడ్చుకుంటూ మెట్లెక్కిన ముసలమ్మ కూడా కనపడింది.

పెరట్లోంచి ఫెర్మిన్ కేక వినిపించింది. "అక్కా! ఎక్కడ చచ్చావు? ఇలా రా!"

శాల తలుపులు బార్లా తీసున్నాయి. లోపల ఫెర్మిన్ చొక్కా చేతులు మడిచి, తడిగుడ్డతో నేల వరసంతా తుడిచేశాడు. 'వే'తో పాటు గీతలూ పోయాయి, పేరూ పోయింది. పీపాల మొహాలు నల్లగా, తడిగా, ఎవరివో తెలీకుండా ఉన్నాయి.

"ఏం చేశావురా!"

"ఆ పిచ్చిగీతలు దోన్ ఎవరిస్తో కంట పడాలా? ముందు నేల వరసలోంచి తీస్తున్నట్టు వంగాలి, తీసేది మాత్రం పై వరసలోంచి తియ్యాలి. ఈ చీకట్లో ఆయనకేం కనపడుతుంది? కొనుక్కుపోయాక ఏడిస్తే వాళ్ళ ఏడుపు. పొద్దున కూలుద్దామనే అనుకున్నా, కానీ అమ్మకం డబ్బొస్తే నా గ్యారేజీ ఇంకోచోటైనా కట్టుకోవచ్చు, నీ బొదేగా నీకు నిలుస్తుంది. ఇద్దరికీ మేలేగా?"

"పోసిచ్చేదెవరు, నువ్వా? నీ చేత్తో ఇస్తే ఆయన వాసన కూడా చూడడు."

"అందుకేగా ఈయన్ని పిలిపించింది" అంటూ ఫెర్మిన్ స్తంభం వైపు చెయ్యి చూపించాడు. "మేస్త్రీ చేతినుంచి తప్ప ఆయన గ్లాసు ముట్టడట. ఏం బాల్దొమేరో, జరిగిందేదో జరిగింది. ఈ ఒక్క పూటా సరిగ్గా చేశావంటే నీ పని నీది."

స్తంభం పక్కన బాల్దొమేరో నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. గడ్డం గీసుకుని, ఆదివారం వేసుకునే కోటు వేసుకొచ్చాడు. పీపాలోంచి వైన్ తీసే, పొడవాటి కాడకి చిన్న వెండి గిన్నె ఉన్న గరిటె గోడకి తగిలించే ఉంది. అతను దాని జోలికి పోలేదు.

"అంత మాటన్నాక కూడా ఎందుకొచ్చావు బాబాయ్?" అంది కసిల్డా.

"పని కోసం రాలేదమ్మాయిగారూ. చిన్నయ్యగారు చెప్పిన పని నా చేతుల్తో జరగదు. మా ఆడదాని పేరు చెప్పి వేరే వైన్ పొయ్యను." అతను పేరు లేని పీపాల వంక చూశాడు. "పేరు తుడిచేశారని గేటు దగ్గర మీ పనమ్మాయి చెప్పింది. అందుకే లోపలికొచ్చా. సుద్ద ఉందా?"

"ఇప్పుడు సుద్దేంటయ్యా నీ మొహం! కారు వీధి మలుపు తిరిగుంటుంది" అని ఫెర్మిన్ గొణుక్కుంటూ గేటువైపు పరిగెత్తాడు.

కసిల్డా గూట్లోంచి సుద్దముక్క తీసింది. ఇవ్వకపోతే ఎందుకివ్వవంటాడు. ఇస్తే ఆ పేరు రాస్తాడు. తండ్రి ఇచ్చినట్టే తనూ ఇవ్వాల్సి వచ్చింది. ఆమె కళ్ళెత్తకుండా చెయ్యి చాపింది.

బాల్దొమేరో మొదటి పీపా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోటు చేతితో తడి తుడిచాడు.

"ఆ రాత ఎవరిదో నాకు మొదటిరోజే తెలుసమ్మాయిగారూ. మీకూ తెలిసినట్టుంది, మీ మొహం చూస్తే. అమ్మగార్ని ఏమీ అనకండి. పెద్దావిడ, దుఃఖంలో ఉంది. పోనివ్వండి." సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పాడు. "ఒక్క సంగతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. నేను పని నేర్చుకుంది వాళ్ళ నాన్నగారి దగ్గర. ఆ గుర్తు పీపాకి కింది అంచున రాయాలి. అమ్మగారు నాకంటే బాగా ఎరుగుదురు. మరి ప్రతిదానిమీదా, ఒక్కటీ తప్పకుండా, పేరు మీదే రాశారెందుకు? అది వైన్‌కి పెట్టిన గుర్తా, పేరుకి పెట్టిన గుర్తా?"

గేటు దగ్గర కారు హారన్ మోగింది. "రండి, రండి దోన్ ఎవరిస్తో!" అని ఫెర్మిన్ గొంతు నవ్వుతూ వినిపించింది.

కసిల్డా ఏదో ఒకటి అనాలనుకుంది. ఏ అబద్ధమైనా సరే, వెంటనే నోటికి రావాలి. బాల్దొమేరో సుద్ద ఆనించి మొదటి అక్షరం వంపు సగం తిప్పాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"అమ్మాయిగారూ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే, "అయ్యగారు ఈ పేరు మాతకేనా పెట్టింది?"